తలకొక చేప

రాజశ్రీది కదిరి. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి, వాటికి కాపలాగా కూర్చుని పాఠాలు చదువుకున్న పిల్ల. సముద్రాన్ని మొదటిసారి విమానం కిటికీలోంచి చూసింది, ఇరవై రెండేళ్ళ వయసులో, న్యూజిలాండ్‌కి చదువుకోవడానికి వెళ్తున్నప్పుడు. అలాంటి మనిషి ఇప్పుడు ఫకటానె రేవులో ‘తూయి’ అనే పడవకు స్కిప్పర్. జనాన్ని ఎక్కించుకుని నడిసముద్రానికి తీసుకెళ్ళి, లోతు నీళ్ళలో చేపలు పట్టించి, చీకటి పడకముందే ఒడ్డుకు చేర్చడం ఆమె పని.

ఇదేదో చిన్ననాటి కల కాదు. ఆ దేశం దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో బిజినెస్ డిప్లొమా అయ్యాక దానికి తగిన ఉద్యోగం దొరకలేదు. పక్కనే ఉన్న బ్లఫ్ రేవులో చేపలు కోసి ప్యాక్ చేసే షెడ్డులో చేరింది. ఒకరోజు పొద్దున్నే ఒక పడవకు మనిషి తక్కువయ్యాడు. ‘ఎవరైనా వస్తారా?’ అని షెడ్డులో అడిగితే చెయ్యెత్తింది. అక్కడి జలసంధి మామూలుది కాదు. పేరుమోసిన నావికులకే కడుపులో తిప్పేస్తుంది. ఈ ఇండియా అమ్మాయి గంటలో పడిపోతుందని అందరూ ఎదురుచూస్తుంటే, ఆమె మధ్యాహ్నం గుడ్డు శాండ్‌విచ్ తిని, ఇంకొకటి ఉందా అని అడిగింది. తన కడుపు సముద్రానికి లొంగేది కాదని ఆ రోజు తేలిపోయింది.

మొగుడు అభినయ్ సంగతి దీనికి పూర్తిగా తల్లకిందులు. తిరుపతి వాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లో కూర్చునే పని. ఆక్లండ్‌లో ఫెర్రీ ఎక్కినా రెయిలింగ్ పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. దక్షిణ కొసలోని ఆ చలి పడక, ఎండ బాగా కాస్తుందని విని ఫకటానె చేరారు. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా పడవ నడుపుతున్న విరేము దగ్గర రాజశ్రీ డెక్ పనికి కుదిరింది. విరేము మావోరీ, ఆ నేల మూలవాసి, తక్కువ మాటల మనిషి. ఆయన భార్య హినేకి ఆ కొరత ఉండేది కాదు. వాళ్ళ దగ్గర పనిచేస్తూనే రాజశ్రీ పరీక్షలు రాసి స్కిప్పర్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఈ ఏడాది మార్చిలో ఆపరేషన్ చేసి విరేము మోకాలు మార్చారు. వసంతం దాకా, అంటే అక్కడ సెప్టెంబరు దాకా, పడవ ఎక్కొద్దన్నాడు డాక్టరు. విరేము తాళాలు ఆమె చేతిలో పెట్టి అన్నాడు.

“వేసవిలో సముద్రం చెప్పినట్టు వింటుంది రాజ్. ఆకులు రాలే కాలంలో మాత్రం ఒక మాట మీద నిలబడదు. దానితో వాదించకు.”

అక్కడ మార్చి నుంచి మే దాకా ఆకురాలు కాలం. పొద్దు కురచబడుతుంది. ఉత్తరాన పుట్టిన తుఫానుల తోక ఊపు నాలుగైదు రోజులు నీళ్ళలో మిగిలిపోతుంది. నిన్న తూర్పుకి పారిన ప్రవాహం ఈరోజు పడమటికి పారుతుంది. ఆ కాలంలో జనం అడిగేది బాస్ చేప. మన పండుగప్పను ఇంగ్లీషులో సీ బాస్ అంటారు కానీ, ఇది అది కాదు. మూడు వందల మీటర్ల లోతులో, నీళ్ళ కింది కొండరాళ్ళ చుట్టూ బతికే బండ చేప. ఏళ్ళకేళ్ళు బతుకుతుంది, నిదానంగా పెరుగుతుంది. అంత లోతు నుంచి పైకి లాగితే ఒంట్లో గాలి ఉబ్బి, కడుపు నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. తిరిగి నీళ్ళలో వదిలినా బతకదు.

అందుకే తాళాలు చేతికొచ్చిన రోజే రాజశ్రీ ఒక నియమం పెట్టుకుంది. చట్టం ఒప్పుకునేది ఎంతైనా కానీ, తన పడవలో తలకొక చేపే. గేలానికి తగిలిందంటే, చేతికొచ్చినా రాకపోయినా లెక్కలోకే వస్తుంది. విరేముకి ఈ నియమం లేదు. ఆమెకు మాత్రం తమ వీధిలో బోర్లు గుర్తున్నాయి. పక్కింటి వాళ్ళు ఆరువందల అడుగులు వేస్తే ఎదురింటి వాళ్ళు ఎనిమిది వందలు వేసేవాళ్ళు. చివరికి అందరి బోర్లలోనూ గాలే వచ్చింది. కింద ఎన్నేళ్ళుగానో కూడినది, పైన ఉన్నవాళ్ళు రెండు మూడేళ్ళలో లాగేస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ మొదట్లో రెండు ట్రిప్పులు ఒట్టిపోయాయి. ఒకటి గాలికి రద్దయింది, రెండోదాంట్లో పనికిరాని చిన్న సొరచేపలు తప్ప ఏమీ తగల్లేదు. విరేము పాత ఖాతాదారులు ‘ఆయన ఎప్పుడొస్తాడు?’ అని అడగడం మొదలుపెట్టారు. రాజశ్రీ నొచ్చుకోలేదు. ఎవరు నడిపినా ఆ రోజు అంతే అని ఆమెకు తెలుసు.

అప్పుడు ఆక్లండ్‌లోని బోటనీ డౌన్స్ నుంచి శశిధర్ అనే ఆయన ఫోన్ చేశాడు. బుకింగులు చూసేది అభినయ్. తెలుగు వినగానే శశిధర్ పొంగిపోయాడు.

“అరే, మనవాళ్ళేనా! మేం భీమవరం. అయితే స్కిప్పర్ మీరేనన్నమాట?”

“కాదండీ, మా ఆవిడ.”

“ఓహో. సరే అండీ, నలుగురం వస్తాం,” అన్నాడు.

ఆ నలుగురిలో ఇద్దరు శశిధర్ ఆఫీసు స్నేహితులు. నాలుగో మనిషిని చూసి, ఇప్పుడు డెక్ పని చూస్తున్న హినే రేవులో కనుబొమలు ఎగరేసింది. అరవై దాటిన ఆవిడ, నేత చీర మీద అల్లుడి రెయిన్‌కోటు, కాళ్ళకు మనవరాలి గమ్‌బూట్లు. పేరు మంగాదేవి, శశిధర్ అత్తగారు. కూతుర్ని చూడ్డానికి అంతర్వేది దగ్గరి పల్లె నుంచి వచ్చింది.

“ఊరికే చూడ్డానికి వస్తానన్నారు,” అని శశిధర్ కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు.

“చూడ్డానికేంటి అల్లుడుగారూ, టీవీలో చూత్తే సరిపోదేంటి? నాకూ ఓ గేలం ఇయ్యమనండి,” అంది మంగాదేవి.

రాజశ్రీ నవ్వి చెయ్యి అందించి ఎక్కించుకుంది. పడవ కదలకముందే నలుగురికీ తన నియమం చెప్పింది. తలకొక చేప, తగిలితే లెక్కే. అందరూ తలూపారు. చేపలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి గనుక తలూపడం తేలికే.

నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట ఉంటుంది. పోటు మీదున్నప్పుడే దాన్ని దాటాలి. పడవ దాని మీద ఒకసారి ఎగిరిపడగానే మంగాదేవి కమ్మీ పట్టుకుని, “మొగ దాటేం,” అంది.

“ఏమంటిరమ్మా?” అని రాజశ్రీ చక్రం దగ్గర్నుంచి అడిగింది.

“మొగ. గోదారి సముద్రంలో కలిసేచోటుని మా వైపు అలాగంటారు. నీకు తెలీదేంటి?”

“మాది కదిరి అమ్మా. మాకు నది యాడుండాది, మొగ తెలిసేకి!”

రెండున్నర గంటల ప్రయాణం. పొగలు కక్కే అగ్నిపర్వతపు దీవిని ఎడమకు వదిలి, ఇంకా చాలా దూరం పోయాక నీళ్ళ రంగు ముదురు నీలానికి మారింది. నీళ్ళ అడుగును చూపించే సౌండర్ తెర మీద ఒక కొండ, దాని భుజం మీద చిక్కగా ఒక మచ్చ. చేపలు ఉన్నాయి. రాజశ్రీ ఎప్పటిలాగే కొండకు పడమట పడవ ఆపి, గేలాలు వేయమంది. రాడ్లు నాలుగు, వాటికి తాడు చుట్టే కరెంటు రీళ్ళు. స్క్విడ్ ముక్కలు గుచ్చిన గేలాలు, చివర సీసం గుండ్లు. గుండు అడుగుకు చేరడానికే నిమిషాలు పడుతుంది.

ఆ రోజు గుండ్లు అడుగుకు చేరనేలేదు. కింది ప్రవాహం వాటిని పక్కకు ఈడ్చుకుపోయింది. నాలుగు తాళ్ళూ ఒకదానికొకటి జడలా అల్లుకుపోయాయి. హినే కూర్చుని చిక్కు విప్పింది. మళ్ళీ వేశారు, మళ్ళీ అల్లుకున్నాయి. ఒక స్నేహితుడు బకెట్ ముందు పెట్టుకుని కూలబడ్డాడు. శశిధర్ వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. రెండు గంటలు అలా గడిచాయి.

రాజశ్రీ ఇంజను ఆపి, పడవను దాని మానాన వదిలేసి, తెర మీద అది పోయే దారిని చూస్తూ నిలబడింది. వారం రోజుల తూర్పు గాలికి నీళ్ళు తిరగబడ్డాయి. పైన పడమటికి పోతున్నాయి సరే. కింద అంతకు రెట్టింపు వేగంతో పోతున్నాయి. తాను వేసవి లెక్కతో పడవ నిలిపింది.

బయటికొచ్చి చెప్పింది. “అన్నా, తప్పు నాదే. నీళ్ళు తిరగబడినాయి, నేను లేటుగా కనుక్కున్నా. ఇంగ మూడు పనులు చేస్తాం. పడవని బాగా ఎగువకు తీసకపోతా. గుండ్లు డబల్ బరువువి కడ్తాం. ఒకేసారి నాలుగు కాదు, ఒక్క గేలమే వేస్తాం. వంతులు.”

“ఒక్కటేనా? నలుగురం వచ్చాం కదండీ,” అన్నాడు శశిధర్.

“నాలుగేస్తే చిక్కులు విప్పుకుంటా సాయంత్రం చేస్తాం అన్నా. ఒకటేస్తే చేప తగుల్తాది.”

మొదటి వంతు శశిధరే తీసుకున్నాడు.

కొండ ఇంకా చాలా దూరం ఉండగానే రాజశ్రీ, “వదలండి,” అంది. గుండు దిగుతూ దిగుతూ, పడవ జరుగుతూ జరుగుతూ, రెండూ సరిగ్గా కొండ భుజం దగ్గర కలిశాయి. గుండు నేలకు కొట్టుకున్న అదురు రాడ్ చివర కనిపించింది. అంతలోనే రాడ్ కిందికి రెండుసార్లు బలంగా ఊగి, మూడోసారి వంగి అలాగే ఉండిపోయింది.

“తగిలింది!” అని శశిధర్ అరిచాడు. ఆయన గొంతులో అంత సంతోషం ఉంటుందని ఆ పొద్దున ఎవరూ అనుకోలేదు. రీలు మూలుగుతూ తాడు చుట్టసాగింది. సగం పైకి వచ్చాక రాడ్ ఒక్కసారిగా నీళ్ళను తాకేంత వంగింది, ఆ వెంటనే తేలికైపోయింది. హినే నాలుక కరుచుకుంది. పైకి వచ్చింది ఒక తల. బుట్టంత తల, దాని వెనక కత్తితో కోసినట్టు చక్కగా తెగిన మెడ.

“సొరచేప,” అంది రాజశ్రీ.

శశిధర్ ఆ తలనే చూస్తూ నిలబడ్డాడు.

రాజశ్రీ ఆగలేదు. సొరచేపను అక్కడే వదిలించుకోవాలని పడవను కొండ అవతలి కొసకు తీసుకెళ్ళింది. మంగాదేవి వంతు. ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు బిగించి రాడ్ దగ్గర నిలబడింది. తాడు దిగింది, నేల తాకింది, వెంటనే రాడ్ వంగింది. ఈసారి రీలు మొదట్నుంచే మూలగడం మొదలుపెట్టింది. చేప అంత బరువుంది. ఇంకో ముప్ఫై మీటర్లుందనగా రీలు వేడెక్కి ఆగిపోయింది.

“హినే, చేత్తో తిప్పే పిడి పెట్టు!” అని రాజశ్రీ ఇంగ్లీషులో అరిచి, చక్రం వదిలి వచ్చి రాడ్ పట్టుకుంది. “అమ్మా, తిప్పండి. ఆపొద్దు. ఆపితే సొరచేప తినేస్తాది.”

“నేనెందుకు ఆపుతానే! నువ్వు గట్టిగా పట్టుకో!”

మంగాదేవి పిడి తిప్పింది. తిరగలి తిప్పినట్టు, భుజం మొత్తం పెట్టి, ఊపిరి పీలుస్తూ, మధ్యలో అంతర్వేది నరసింహస్వామిని పిలుస్తూ తిప్పింది. శశిధర్ చెయ్యి వేయబోతే, “మీరుండండి అల్లుడుగారూ, నాది నేను లాక్కుంటాను,” అని కసిరింది. నీళ్ళ కింద ముందు ఒక బూడిదరంగు వెలుగు, తర్వాత కడవంత కళ్ళున్నట్టు కనిపించే ఒక ముఖం పైకి వచ్చాయి. హినే కొక్కెం కర్రతో దవడ కింద పట్టింది. ముగ్గురూ లాగితే గానీ డెక్ మీదికి రాలేదు. మంగాదేవి దాని పక్కనే కూలబడి, దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

తర్వాత స్నేహితులిద్దరికీ చెరొకటి, కాస్త చిన్నవి, తగిలాయి. బకెట్ స్నేహితుడు చేపను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ రెండోది పైకి వస్తుంటే పడవ పక్కనే ఒక నల్లటి వీపు నీళ్ళు చీల్చుకుంటూ పోయింది.

“మన లెక్క అయిపోయింది. ఇంగ పోదాం,” అంది రాజశ్రీ.

“ఒక్క నిమిషం,” అన్నాడు శశిధర్. “నాకు రాలేదు కదండీ.”

“మీకు తగిలింది అన్నా.”

“తగిలింది, కానీ తిన్నది సొరచేప. నేను కాదు. ఇంకొక్కసారి గేలం దింపుదాం, ఒక్క డ్రాప్ వేద్దాం. ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చాం.”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అది రాజశ్రీకి తెలుసు. ఆమె సౌండర్ వైపు చూసింది, మచ్చ ఇంకా ఉంది. నైరుతి వైపు చూసింది. అక్కడ మబ్బు అంచు గీత గీసినట్టు నల్లగా ఉంది, నీళ్ళ మీద తెల్లటి నురుగులు లేస్తున్నాయి.

“అన్నా, సొరచేప మన కిందనే ఉండాది. ఇప్పుడు మనం ఏం లాగినా దానికే. మీకు ఇంగో తల వస్తాది, కింద ఇంగో చేప పోతాది. ఇంగో చోటికి పోదామంటే ఆ గాలి వస్తాంది. పోటు దిగకముందే మొగ దాటల్ల. నేను వేయను.”

“కస్టమర్ని నేను. డబ్బు కట్టింది నేను.”

“నిజమే. పడవకి జవాబు చెప్పాల్సింది మాత్రం నేను.”

ఆమె గొంతు పెంచలేదు. ఇంజను స్టార్ట్ చేసింది. శశిధర్ వెనక బల్ల మీద కూర్చుని, వెళ్తున్న నీళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

గాలి అనుకున్నదానికంటే ముందే అందుకుంది. నదీముఖం దగ్గరికి వచ్చేసరికి ఇసుక మేట మీద అలలు విరిగి తెల్లగా పొర్లుతున్నాయి. రాజశ్రీ బయటే పడవను నిలిపి, అందరినీ లైఫ్ జాకెట్ల బకిళ్ళు చూసుకోమంది. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, గుంపుకూ గుంపుకూ మధ్య కొంచెం తెరిపి ఉంటుంది. మొదటి తెరిపి చిన్నది, వదిలేసింది. రెండోదీ వదిలేసింది. వెనక ఎవరో ‘ఎందుకు ఆగాం?’ అన్నారు. ఆమె తిరగలేదు. మూడో గుంపులో ఆఖరి అల పడవ కిందనుంచి దొర్లిపోగానే వేగం పెంచే లివర్ ముందుకు తోసింది. ‘తూయి’ ఆ అల వీపు వెనకే, దాన్ని దాటకుండా, దానికి వెనకబడకుండా, నదిలోకి వచ్చేసింది. లోపల నీళ్ళు చెరువులా ఉన్నాయి. రాజశ్రీ లివర్ వెనక్కి లాగి, లోలోపల గర్వపడింది.

“బాగా దాటించేవమ్మా,” అంది మంగాదేవి.

రేవులో చేపలు కోస్తుండగా శశిధర్ తనకు దక్కిన చేప తల వైపు చూపించి, దీన్ని పారేయండి అన్నాడు. మంగాదేవికి కోపం వచ్చింది.

“పారేత్తారా! మంచి ముక్కంతా అందులోనే ఉంది. సొరచేపకి తెలీక ఒళ్ళు తింది. ఏవమ్మా, మీ ఇంట్లో చింతపండు ఉందా?”

ఆ సాయంత్రం రాజశ్రీ ఇంట్లో తలకాయ పులుసు కాగింది. అభినయ్ కొత్తిమీర తరిగాడు. విరేము కర్ర ఊతంతో వచ్చి, మోకాలు కుర్చీ మీద చాపుకుని, రెండుసార్లు వడ్డించుకున్నాడు. ప్రవాహం తిరగబడిన సంగతి రాజశ్రీ చెబితే విని, “నాకైతే మూడు గంటలు పట్టేది,” అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు. వెళ్ళేటప్పుడు శశిధర్ గుమ్మంలో ఆగి, “పులుసు బాగుందండీ. కానీ ఇంకో డ్రాప్ వెయ్యనివ్వాల్సింది,” అన్నాడు.

“మళ్ళీ రాండి అన్నా,” అంది రాజశ్రీ.

వస్తాడని ఆమె అనుకోలేదు. మే నెల రెండోవారంలో ఫోన్ వచ్చింది. ఈసారి ఒక్కడే, వేరే గుంపుతో కలిసి వస్తానన్నాడు. ఆ రోజు సముద్రం అద్దంలా ఉంది. ప్రవాహం లేదు, సొరచేప లేదు, గుండ్లు నిటారుగా దిగాయి. తెర మీద చేపలు మాత్రం లేవు. గుడ్లు పెట్టే కాలం ముంచుకొస్తుంటే అవి వేరేచోటికి కదిలిపోతాయి. ఎక్కడికో పూర్తిగా ఎవరికీ తెలియదు. రాజశ్రీ నాలుగు కొండల మీద వెతికింది. ఏమీ తగల్లేదు. తిరుగు ప్రయాణంలో శశిధర్ చక్రం పక్కకు వచ్చి నిలబడి, సౌండర్ మీద గీతలు ఏది రాయో, ఏది చేపో అడిగాడు. ఆమె చూపించింది. దారిపొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

రేవులో దిగాక అన్నాడు, “వచ్చే నెల ఖాళీ ఉంటుందాండీ?”

“వచ్చే నెల పోము అన్నా. గుడ్లు పెట్టే టైములో వాటి జోలికి పోను. పడవ ఒడ్డుకెక్కించి రంగు వేస్తాం.”

“రంగు వేయడానికి మనుషులు కావాలా?”

రాజశ్రీ ఆయన మెత్తటి చేతుల వైపు చూసి నవ్వింది. “రాండి. పాత బట్టలేసుకోని రాండి.”

జూన్‌లో ఒక శనివారం, పడవ అడుగున అంటుకున్న గుల్లలను గీకుతూ ముగ్గురు కనిపించారు. రాజశ్రీ, హినే, చెవుల దాకా టోపీ లాక్కుని చలికి ముక్కు ఎర్రబడిన శశిధర్. ఆయన ఫోన్‌లో స్పీకర్ పెట్టి ఉంది. ఊరికి తిరిగి వెళ్ళిపోయిన మంగాదేవి అంతర్వేది నుంచి, ఆ గుల్లలు ఎలా గీకాలో గట్టిగా చెబుతోంది.